ముర్రుపాల వేళ

నెల్లూరు జాతి గొర్రె కానిండు, దక్కను పీఠభూమిలోని గొంగడి గొర్రె కానిండు, సుమారు 5 నెలలు మోసి ఈనును. తల్లి వెంటనే పిల్లను నాకి తడి ఆర్చును. ఆ నాకుటలోనే తన బిడ్డ వాసనను పట్టుకొనును; పిమ్మట మందలో నూరు పిల్లలున్నను తన పిల్లనే చేరనిచ్చును. ఆ గడియలో వాటిని విడదీయరాదు.

మాయ పడువరకు పిల్లను పొదుగు ముట్టనీయని ఆచారము కొన్ని పల్లెలలో కలదు. ముర్రుపాలు నేలపాలు చేయువారును కలరు. చిక్కగా, పచ్చగా ఉన్నవని కాబోలు! మనుష్యశిశువునకు గర్భముననే తల్లి నుండి కొంత రోగరక్షణ లభించును. గొర్రెపిల్లకు అట్లు లభింపదు. దానికి ఆ రక్షణ ముర్రుపాలనుండియే రావలెను. ఆ రక్షక పదార్థములను రక్తములోనికి గ్రహించు శక్తి పిల్ల పేగులకు గంటగంటకు తగ్గి, 24 గంటలకు దాదాపు నశించును. మరునాటి పాలు ఆకలి తీర్చునే గాని ఆ లోటు తీర్చవు. 3 కిలోల పిల్లకు తొలినాడు 300 గ్రాములైన, పలుమార్లుగా, పట్టవలెను. మాయకై వేచియుండ నక్కరలేదు; పిల్ల చన్ను కుడుచుట మాయ పడుటకే తోడ్పడును.

చన్నుమొనలు మైనమువంటి పదార్థముతో మూసికొని యుండును. రెండు ధారలు పిండి పిల్ల నోటికందింపవలెను. బొడ్డునకు టింక్చర్ అయోడిన్ పూయవలెను.

తల్లి చచ్చిన పిల్ల సంగతి యేమి? పిల్ల చచ్చిన తల్లి మందలో ఉన్నచో, పలుదేశముల కాపరులు ఆ చచ్చిన పిల్ల తోలును ఈ అనాథకు తొడిగి విడుతురు. వాసన చూచి తల్లి పాలిచ్చును. కొన్ని దినములకు తోలు తీసివేసినను, చాలమారులు, విడువదు.