మీకు తెలుసా? కవిగారి అభిమాన పఠనం డిటెక్టివ్ కథలు!

రచయితలు తాము రాసే తరహా పుస్తకాలే ఇష్టంగా చదువుతారనుకుంటాం. కానీ ‘ది వేస్ట్ ల్యాండ్’ (1922) రాసిన కవి టి.ఎస్. ఎలియట్‌కి డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. 1927లో తన పత్రిక ‘క్రైటీరియన్’లో వాటిని సమీక్షించాడు కూడా. అదంతా కాలక్షేపమే కదా అనొచ్చు. అలా కొట్టిపారేయలేం. 1935 నాటి ఆయన పద్యనాటకం ‘మర్డర్ ఇన్ ది కెథీడ్రల్’లో ఆర్చ్‌బిషప్ బెకెట్‌కీ, అతనికి పదవి ఎరచూపే రెండో ప్రలోభకుడికీ మధ్య పొట్టి పొట్టి ప్రశ్నలు, జవాబులు వస్తాయి. వాటి నడక షెర్లాక్ హోమ్స్ కథ ‘మస్‌గ్రేవ్ రిచువల్’ది. కావాలనే తీసుకున్నానని ఎలియటే చెప్పాడు. సొంత ప్రక్రియలో ఓనమాలు దిద్దక తప్పదన్నదీ నిజమే. హోమ్స్ కథలు చదివే అగాథా క్రిస్టీ తన డిటెక్టివ్ పొయిరోని మలిచింది. అయితే ఎలియట్ నాటకంలోని ఆ బిగువైన సంభాషణ మాత్రం కవిత్వం చదివితే దొరికేది కాదు.