పుట్టినింటనే నిలిచిన యాడుబిడ్డలు

ఆడుబిడ్డ పుట్టినది మొదలు "పరులయింటి సొత్తు" అను మాట చెవిని బడని తల్లి మనలో నరుదు. "ఆడపిల్ల యెన్నటికిని ఆడ పిల్లయే గాని యీడ పిల్ల కాదు" అని మా మేనత్తగారు మా చిన్నతనమున పలుమాఱు చెప్పి నవ్వెడివారు, మేమును నవ్వెడివారము. పెండ్లియైన చాల యేండ్లకు ఒకనాడు పుట్టినింటి గడప త్రొక్కగానే మా వదినెగారు, మిక్కిలి ప్రీతితోనే, "చుట్టాలు వచ్చారు, కాళ్లకు నీళ్లు తెండి" అని లోపలికి కేకవేసినప్పుడు గాని యా మాటలోని బరువు మాకు తెలియలేదు.

లోకమున నెల్లెడల, ఎల్ల కాలములందును ఆడుబిడ్డ గతి యిట్లే యుండెనా? గ్రంథములు చెప్పలేని యీ సంగతిని ఇప్పుడు మట్టిలోని యెముకలు చెప్పుచున్నవి. 2025వ సంవత్సరమున వెలువడిన రెండు పరిశోధనలను మా వారు చదివి వినిపింపగా, సోదరీమణులకును విన్నవింపవలెనని తోచినది.

తుర్కీ దేశమున కోన్యా పట్టణమునకు కొంతదూరమున చాతల్‌హుయూక్ అను మట్టిదిబ్బ కలదు. క్రీ.పూ. 7100 మొదలు క్రీ.పూ. 5950 వఱకు, అనగా వేయియేండ్లకు మించి, జనులచ్చట కాపురముండిరి. గోధుమ పండించి, గొఱ్ఱెలను మేకలను పెంచిన తొలినాటి రైతులు వారు. ఆ యూరిలో వీథులు లేవు. పచ్చి యిటుకల యిండ్లు ఒకదాని నొకటి యానుకొని యుండెడివి. నడక యంతయు మిద్దెలమీదనే. ఇంటిలోనికి పోవుటకు వాకిలి లేదు, కప్పులోని రంధ్రముగుండ నిచ్చెనపై దిగవలయును. నిచ్చెన క్రిందనే పొయ్యి. పొగ పోవుటకును మనుష్యులు వచ్చుటకును అదియే దారి! చంకను బిడ్డతో, చేత కుండతో ఆ నిచ్చెన దిగిన యిల్లాండ్రను తలచుకొన్నపుడు మన వంటయింటి యిబ్బందులు స్వల్పములుగా దోచును. వారి ప్రక్కటెముకలలో నేటికిని పొగమసి కన్పట్టుచున్నది. అది స్త్రీలలో నెంతయో పురుషులలోను నంతయే యున్నదట. కావున ఇంటిలో నుండుట యొక్క యాడువారి వంతుగా లేకుండెనని పండితు లూహించిరి.

ఆ యిండ్ల గోడలను తెల్లమట్టితో మాటిమాటికి అలికెడివారు. కొన్ని గోడలపై నూఱు పూతలకు మించి యున్నవి. పండుగ పండుగకు గోడలకు సున్నము, నేలకు పేడ పూయు మనకు ఆ చేతులు పరాయివిగా నగపడవు. చనిపోయినవారిని మాత్రము వారు ఊరివెలుపల గాక యింటిలోనే, పండుకొను అరుగుల క్రింద పాతిపెట్టి, మరల పైన అలికి, దానిపైననే నిద్రించెడివారు. మనకు వినుటకే యొడలు జలదరించును. కాని ఆ యాచారము వలననే యే యింటివారెవరో నేడు తెలిసికొనుటకు వీలు కలిగినది.

ఈ దిబ్బను 1961లో జేమ్సు మెల్లార్టు అను పండితుడు త్రవ్వ నారంభించెను. ఆ యేటనే ధాన్యపు గాదెలో నొక మట్టిబొమ్మ దొరకినది. ఇరువైపుల రెండు చిఱుతపులులవంటి మృగములపై చేతులానించి కూర్చున్న స్థూలకాయయగు స్త్రీ మూర్తి యది. ఆయన యామెను జగన్మాతగా నెంచి, ఆ యూర స్త్రీలదే పైచేయి యని వ్రాసెను. 1993 నుండి త్రవ్వకములు సాగించిన ఇయాన్ హాడరు మొదలగువారు దీని నంత సులభముగా నొప్పుకొనలేదు. దొరకిన బొమ్మలలో నెక్కువ జంతువులవే యని చూపిరి. మాకును వారి పక్షమే యుచితముగా దోచినది. దేవిని పూజించు నింట కోడలికి గౌరవము తప్పక యుండునని మనలో నెవ్వరు ప్రమాణము చేయగలరు?

ఇక నెముకల సంగతి. మనలో గోత్రము తండ్రినుండి కొడుకునకు వచ్చును. కూతునకు పెండ్లితో మారును. ప్రకృతి మాత్రము దీనికి విపరీతమైన మఱియొక గోత్రమును మన దేహములందుంచినది. మైటోకాండ్రియా యను సూక్ష్మాంగములలోని డి.ఎన్.ఏ. తల్లినుండియే బిడ్డలకు సంక్రమించును. కొడుకునకును నది వచ్చును గాని, అతడు దానిని తన సంతానమున కీయజాలడు. కపాలమున చెవిలోపలి భాగమును చుట్టియుండు రాతివంటి గట్టి యెముకలో నీ పదార్థము వేలకొలది యేండ్లు చెడక నిలుచును.

శాస్త్రజ్ఞులు చాతల్‌హుయూక్‌లోని 131 మంది యవశేషములను ఇట్లు పరీక్షించి, 35 ఇండ్ల వారిని పోల్చి చూచిరి. ఒక్క యింటి నేల క్రింద నున్నవారిని కలుపునది తఱచుగా తల్లివైపు బంధమే. ఆ యిండ్ల కూతుండ్రలో నూటికి 70 మొదలు 100 మంది వఱకు పుట్టినింటినే యంటిపెట్టుకొనియుండిరని వారు లెక్కకట్టిరి. కొడుకులే వేఱిండ్లకు పోయెడివారని దీని తాత్పర్యము. పసితనమున చనిపోయిన యాడుబిడ్డల గోతులలో మగబిడ్డల గోతులలోకంటె నైదురెట్లు కానుక లుంచబడినవి. ఆడుబిడ్డ పుట్టినదని మొగము చిన్నబుచ్చుకొను బంధువులను చూచిన మాకు ఈ లెక్క చదివినపుడు చాలసేపు మాట రాలేదు.

అది యతి ప్రాచీనమందురా, క్రీస్తునకు దగ్గఱి కాలపు నిదర్శనము మఱియొకటి కలదు. ఇంగ్లండు దక్షిణమున డార్సెట్ సీమలోని వింటర్‌బోర్న్ కింగ్‌స్టన్ అను గ్రామమున డ్యూరోట్రిజులను తెగవారి శ్మశానమును బోర్న్‌మత్ విశ్వవిద్యాలయమువారు 2009 నుండి త్రవ్వుచు వచ్చిరి. డబ్లిను నగరములోని ట్రినిటీ కళాశాలకు చెందిన లారా కాసిడీ యను విదుషి, ఆమె సహచరులును అచ్చటి 57 మంది డి.ఎన్.ఏ.ను పరీక్షించిరి. వారిలో మూడింట రెండు వంతులకు మించినవారు ఒక్క తల్లి సంతతివారే! పురుషులు పెండ్లియాడి బయటినుండి వచ్చి చేరినవారు. ఇల్లరికపు టల్లునిపై మన యూళ్లలో నెన్ని పరిహాసములు లేవు? ఊరి యల్లుండ్రందఱు నిట్టివారే యైనచో నవ్వువా రెవరుందురు? రోమకులు బ్రిటను దీవి స్త్రీల స్వాతంత్ర్యమును వింతగా వ్రాసియుండగా, అవి కట్టుకథలని త్రోసివేసినవారు లేకపోలేదు. ఇప్పుడా మాటలను మరల చదువవలసి వచ్చినది.

మన గ్రంథములలో నీ జాడ లేదా యని వెదకితిమి. భారతమున మణిపూరపు ఱేడు చిత్రవాహనుడు, తన కూతురగు చిత్రాంగదకు పుట్టు కొడుకు తన వంశమునకే చెందవలెనను నియమముతో నామె నర్జునున కిచ్చెను. ఆమె పుట్టినింటనే నిలిచెను. కాని యది కొడుకు లేని లోపమును పూరించుకొను నుపాయము మాత్రమే. మన యాంధ్రదేశము నేలిన శాతవాహనులలో గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి తల్లుల పేర్లతోనే ప్రసిద్ధులైరి. అయినను పులుమావి కూర్చున్నది తండ్రి సింహాసనముననే. కావున పేరును జూచి పెత్తనము నూహింపరాదు. చాతల్‌హుయూక్‌లోను కూతుండ్రు ఇంట నిలిచిరని తెలిసినదే గాని, ఊరి పెత్తనమెవరిదో యెముకలు చెప్పలేదు. కొడుకులుండగానే కూతుండ్రు నిలిచిరనునదే మాకు ముఖ్యముగా దోచిన విశేషము. నేటికిని మేఘాలయమున ఖాసీలలో కడగొట్టు కూతురే తల్లి యింటిని నిలుపుచున్నది.

ఆ మట్టిదిబ్బను గూర్చి చెప్పవలసిన దింకొకటి మిగిలినది. తొలితరములవారి యిండ్లలో నేల క్రింద నున్నవారు తల్లిబిడ్డలు, తోబుట్టువులు. తరములు గడచిన కొలది ఒక్క యింటిలోనివారికి రక్తసంబంధము సన్నగిలినది. పెంపకమునకు తెచ్చుకొన్న బిడ్డలు పెరిగిరని పండితుల యూహ. అయినను వారి యెముకలలోని పదార్థములను పరీక్షింపగా, ఒక్క యింటివారందఱు జీవితకాలమున తిన్న తిండి మాత్రము ఒక్కతీరుగానే కన్పట్టినది. కన్నబిడ్డకును, పెంచిన బిడ్డకును ఆ నిచ్చెన క్రింది పొయ్యిమీద నుడికిన కూడే వడ్డించిరన్నమాట.