చేపల తొట్టి నీటితో ఇంటి కూరలు

వేసవిలో చెరువు ఎండగానే అడుగు మన్ను బండ్లకెత్తి పొలములకు తోలుట మన రైతులకు తరతరములుగా తెలిసిన పని. చేపల విసర్జనము, కుళ్ళిన ఆకు అలము కలిసిన ఆ మన్ను పైరుకు బలమని వారెరుగుదురు. ఈ సూత్రమునే పెరటిలోని ఒక తొట్టికి అన్వయించిన పద్ధతికి ఆక్వాపోనిక్స్ అని పేరు. చేపల తొట్టి నీరు కూరల మడికి పోవును. మొక్కలు అందలి పోషకములను గ్రహించగా, తేరిన నీరు తిరిగి తొట్టికి చేరును. రోజూ కొత్తగా పోయవలసిన నీరు సాధారణముగా నూటికి 1 నుండి 3 వంతులు మాత్రమే.

అయితే ఈ పని మొదలిడినవారిలో పలువురు తొలి నెలలోనే చేపలను పోగొట్టుకొని విరమించుచున్నారు. దీనికి ముఖ్యకారణము తొందర. నీరు సిద్ధము కాకమునుపే చేపలను వదలరాదు.

ఇందలి మర్మము

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విడుచును. ఇది వానికే విషము. కంకరపై పెరుగు ఒక జాతి సూక్ష్మజీవులు దీనిని నైట్రైటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. దానివలన చేప రక్తము ప్రాణవాయువును మోయజాలదు. మరియొక జాతి సూక్ష్మజీవులు నైట్రైటును నైట్రేటుగా మార్చును. మొక్కలకు కావలసిన నత్రజని ఇదియే. ఈ రెండు జాతులు చాలినంత వృద్ధి చెందుటకు 4 నుండి 6 వారములు పట్టును.

తొట్టి, మడి

ఒక కుటుంబమునకు 500 లీటర్ల తొట్టి, 16 చదరపు అడుగుల మడి చాలును. మడిలో ఒక అడుగు లోతున కంకర పోయవలెను. కంకరపై కొద్దిగా వెనిగరు చల్లిచూడుడు. పొంగినచో అందు సున్నపురాయి ఉన్నదన్నమాట, అది పనికిరాదు. గంటకు 500 లీటర్లు ఎత్తగల చిన్న మోటారు కావలెను. కంకర పైభాగము రెండంగుళముల మేర ఎల్లప్పుడు పొడిగా ఉండునట్లు నీరు పోవు గొట్టమును అమర్చవలెను. అట్లుచేసిన నాచు పట్టదు. ఇదంతయు ఒక టన్నుకు మించిన బరువగును. మేడపై పెట్టదలచినవారు ముందుగా ఇంజనీరును అడుగక పని మొదలిడరాదు.

నీటిని సిద్ధపరచుట

కుళాయి నీటిలోని క్లోరిన్ సూక్ష్మజీవులను చంపును. కావున నీటిని రెండు రోజులు ఎండలో ఉంచి వాడవలెను. చేపలు లేకుండగనే మోటారు నడుపుచు, దినమునకు చిటికెడు చేపల మేత వేయుడు. అది కుళ్ళి అమ్మోనియా పుట్టును. ఇదివరకే నడుచుచున్న మడినుండి గుప్పెడు కంకర తెచ్చి కలిపిన పని త్వరపడును. అక్వేరియం అంగళ్ళలో దొరకు పరీక్ష సామగ్రితో వారమునకు రెండుమార్లు నీటిని పరీక్షింపవలెను. మొదట అమ్మోనియా, పిదప నైట్రైటు పెరిగి తగ్గును. రెండును శూన్యమునకు దిగి నైట్రేటు కనబడిననాడే చేపలను వదలుడు.

చేపలు, మేత

బంగారుతీగ మొండి జాతి. కొర్రమేను గాలిని కూడ పీల్చును గనుక కరెంటు పోయినను కొంత తట్టుకొనును. కాని అది ఎగిరిదూకును. తొట్టిపై వల కప్పవలెను. తిలాపియా పెంచుటకు ప్రభుత్వానుమతి కావలెను. ఆఫ్రికా జాతి మార్పు చేపను పెంచుట మనదేశములో నిషిద్ధము.

ఈ తొట్టికి 20 నుండి 25 పిల్లలు చాలును. ఆకుకూరల మడి పూర్తిగా నిండినపుడు దినమునకు 60 నుండి 75 గ్రాముల మేత సరిపోవును. పిల్లలు చిన్నవిగా ఉన్నపుడు మేత తక్కువ. మొక్కలను కూడ కొద్దిగానే నాటవలెను. అరగంటలో తినక మిగిలిన మేతను తీసివేయవలెను. అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము మించినచో మేత ఆపి, మూడవవంతు నీరు మార్చవలెను.

మొక్కలు

తొలి పంటగా తోటకూర, పాలకూర, బచ్చలి, పుదీన వేయుడు. టమాటా, వంగ, మిరపలకు పోషకములు హెచ్చుగా కావలెను. నాలుగైదు నెలల తరువాత వేయుట మేలు. లేత ఆకులలో ఈనెలు పచ్చగా ఉండి నడుమ పసుపెక్కినచో ఇనుము చాలలేదని గ్రహింపుడు. చీలేటెడ్ ఇనుము కొద్దిగా కలిపిన సరిపోవును. నీటి పి.హెచ్. 6, 7 మధ్య ఉండవలెను. ఈ నీరు క్రమముగా పులుపెక్కును. అట్లయినపుడు సున్నపుతేటను కొంచెము కొంచెముగా, కొన్ని దినములపై పోయవలెను. ఒక్కమారు పోసిన చేపలకు హాని.

మరువరాని జాగ్రత్తలు

మొక్కలపై పురుగుమందు చల్లరాదు. వేపనూనె సైతము చేపలకు కీడు చేయును. పురుగులను చేతితో ఏరివేయుడు. పసుపురంగు జిగురు అట్టలు కట్టుడు. ఎండకు నీరు వేడెక్కినకొలది అందలి ప్రాణవాయువు తగ్గును. తొట్టికి నీడ కావలెను. కరెంటు పోయిన కొద్ది గంటలలోనే చేపలు ఊపిరాడక చచ్చును. కావున బ్యాటరీతో నడచు గాలి పంపు కొనియుంచుడు. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచుచున్నచో గాలి చాలుటలేదని తెలిసికొనుడు.

చేప పిల్లల విషయమై మత్స్యశాఖవారిని, నారు విషయమై ఉద్యానశాఖవారిని సంప్రదింపుడు. మొదటి ఆరు వారములు ఓపికపట్టిన ఇంటివారికి, ఆ పిమ్మట ఒకే నీటితో కూరయు, చేపయు లభింపగలవు.