కార్చిచ్చు తగ్గిన పిదప గైకొనవలసిన జాగ్రత్తలు

2014 వ సంవత్సరము మార్చి నెలలో తిరుమల సమీపమున శేషాచలపు టడవులయందు కార్చిచ్చు రేగగా, వైమానిక దళమువారి హెలికాప్టర్లనుండి నీరు చల్లింపవలసివచ్చెను. ఇట్టి చోట్ల మంట కానరానంతమాత్రమున అపాయము తొలగిన దనుకొనరాదు. మొద్దులును వేళ్లును లోలోపల రాజుకొనుచు పొగ విడుచుచుండును. రాత్రివేళ గాలి చల్లబడి నిలిచినపుడు ఆ పొగ పల్లపు గ్రామములపై దిగును. అందలి 2.5 మైక్రాన్లకు లోబడిన రేణువులు ఊపిరితిత్తుల లోతట్టునకు పోవును. తడిగుడ్డ వాని నాపజాలదు.

కావున ఉబ్బసరోగులను, పసిబిడ్డలను, గర్భిణులను, వృద్ధులను పొగ విడువరకు తలుపులు మూసిన యిండ్లయందే యుంచవలెను. బూడిదను తడిపి యెత్తవలెనే కాని పొడిగా నూడ్వరాదు. తొలివాన బూడిదను చెరువులలోనికి కొట్టుకొని తెచ్చును గనుక, త్రాగునీటిని పరీక్ష చేయించిన పిదపనే జనులకు విడువవలెను.