ఒరలోకి తిరిగి పెట్టే క్షణం

"తుపాకీ మిస్‌ఫైర్" అనే మాట మన పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. తుపాకీ శుభ్రం చేస్తుండగానో, జీపు దిగుతుండగానో పేలి కానిస్టేబుల్ గాయపడ్డాడని వార్త వస్తుంది. 2024 అక్టోబరు 1 తెల్లవారుజామున ముంబైలో హిందీ నటుడు గోవిందా సొంత రివాల్వర్ పేలి ఆయన కాలికి గాయమైనప్పుడు కూడా అదే మాట రాశారు. తుపాకీలతో పనిచేసేవాళ్ల భాషలో మిస్‌ఫైర్ అంటే దీనికి తలకిందులు. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడాన్ని వాళ్లు మిస్‌ఫైర్ అంటారు. ఇది పదాల పట్టింపు అనుకోకండి. మిస్‌ఫైర్ అనగానే తప్పు యంత్రం మీదకు పోతుంది, దానంతట అదే పేలిందనిపిస్తుంది. కింద పడితే పేలే పాతకాలపు నమూనాలు ఉన్న మాట నిజమే. కానీ ఈ కాలపు మంచి పిస్టల్, బాగున్న స్థితిలో, ట్రిగ్గర్ కదలకుండా పేలేలా తయారుకాదు. పేలిందంటే ముందు వెతకాల్సింది ట్రిగ్గర్‌ను కదిపినది ఏమిటని. వేలు కావచ్చు, చొక్కా అంచు కావచ్చు, జాకెట్‌కు వేలాడే తాడు ముడి కావచ్చు. వాటిని దూరంగా ఉంచడమే తుపాకీ ఒర, అంటే హోల్‌స్టర్ చేయాల్సిన మొదటి పని.

మన సినిమాల్లో హీరో పిస్టల్‌ను ప్యాంటు వెనక దోపుకుని చకచకా నడిచిపోతాడు. అలా దోపుకుంటే ఏమవుతుందో 2008 నవంబరులో న్యూయార్క్‌లో ప్లాక్సికో బరెస్‌కు తెలిసొచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనలైన సూపర్ బౌల్‌లో తన జట్టును గెలిపించిన క్యాచ్ పట్టిన ఆటగాడు ఆయన. నైట్‌క్లబ్‌లో ఉండగా నడుముకు దోపిన గ్లాక్ పిస్టల్ జారి ప్యాంటు కాల్లోకి దిగింది. జారిపోయే వస్తువును పట్టుకోబోవడం ఎవరికైనా ఆలోచన లేకుండానే జరిగిపోతుంది. ఆయనా పట్టుకోబోయాడు. తూటా తొడలో దిగింది. ఆ రాష్ట్రంలో లైసెన్సు లేకపోవడంతో రెండేళ్ల జైలు శిక్ష కూడా పడింది.

హోల్‌స్టర్ ఉంటే చాలదని 2018 జూన్‌లో డెన్వర్‌లో జరిగిన ఘటన చెబుతుంది. డ్యూటీలో లేని ఒక ఎఫ్‌బీఐ ఏజెంటు బార్‌లో డాన్సు చేస్తూ వెనక్కి పిల్లిమొగ్గ వేశాడు. నడుము దగ్గర హోల్‌స్టర్‌లో ఉన్న పిస్టల్ కింద పడింది. పడినప్పుడు పేలలేదు. వంగి ఆత్రంగా తీసుకుంటుండగా పేలి, అక్కడున్న ఒకతని కాలికి తగిలింది. అందుకే అనుభవజ్ఞులైన శిక్షకులు జారిన తుపాకీని పడనివ్వమంటారు. పడ్డాక నిదానంగా, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి తీసుకోమంటారు.

ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. 2022 జూన్‌లో బ్రూయెన్ కేసు తీర్పులో, ఆత్మరక్షణకు ఇంటి బయట కూడా తుపాకీ వెంట ఉంచుకోవడం రాజ్యాంగ హక్కేనని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందే, 2021 సెప్టెంబరు నుంచి, టెక్సస్ అర్హులైనవాళ్లకు పర్మిట్ అవసరం తీసేసింది. పర్మిట్‌తో పాటు దానికోసం తప్పనిసరిగా కూర్చోవాల్సిన శిక్షణ తరగతి కూడా పోయింది. నాకు దిగులు కలిగించేది ఆ రెండోదే. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పనక్కర్లేదు. తుపాకీ కొనాలా వద్దా అన్నది ఎవరింటి నిర్ణయం వాళ్లది. అయితే హెచ్-1బీ, ఎఫ్-1, హెచ్-4 వంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం కింద నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడి పిస్టల్ సరదాగా నడుముకు పెట్టుకుని చూసే ముందు కూడా వకీలును అడగాలి. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉన్న కొద్దిమందికీ కింద చెప్పే జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి.

ఒర ఎంపికకు ముందు ఈనాటి పిస్టల్ సంగతి కాస్త తెలియాలి. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్ 17 తర్వాత, బయట వేలితో తిప్పే సేఫ్టీ మీట లేని పిస్టళ్లు లోకమంతా పాకాయి. గ్లాక్‌లో మూడు సేఫ్టీలు ఉన్నాయి, మూడూ ట్రిగ్గర్ వెనక్కి నొక్కగానే వరసగా తొలగిపోయేవే. ట్రిగ్గర్ నొక్కడానికి కావాల్సిన బలం దాదాపు రెండున్నర కిలోలు. వేలికీ, మడతపడిన చొక్కా గుడ్డకూ ఆ యంత్రానికి తేడా తెలియదు. కాబట్టి బయటి సేఫ్టీ చేయాల్సిన పనిలో సగం ఒర మీద పడింది.

ఇప్పుడు దుకాణంలోకి వెళ్దాం. ఏ పిస్టలైనా పట్టే మెత్తటి నైలాన్ సంచులు చవగ్గా దొరుకుతాయి. నా సలహా అడిగితే వాటిని ముట్టుకోవద్దంటాను. బయటినుంచి వేలితో నొక్కితే ట్రిగ్గర్ కదిలే ఒర ఒర కాదు. పైగా తుపాకీ తీసిన మరుక్షణం ఆ మెత్తటి సంచి నోరు ముడుచుకుపోతుంది, తిరిగి పెట్టాలంటే రెండో చేత్తో తెరవాలి. అప్పుడు ఆ చెయ్యి గొట్టం ముందుకు వస్తుంది. మీ పిస్టల్ ఏ నమూనాయో సరిగ్గా ఆ నమూనాకే పోత పోసిన ఒర తీసుకోండి. ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు మొత్తం గట్టి గోడతో మూసుకుపోవాలి. 1960ల్లో విమానాల లోపలి భాగాల కోసం వచ్చిన కైడెక్స్ అనే ప్లాస్టిక్‌తో ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నారు. వేడిచేసి తుపాకీ ఆకారానికి అచ్చు తీస్తారు, తడికీ చెమటకూ వంగదు. మంచి తోలు ఒంటికి హాయిగా ఉంటుంది, దానికీ వంక పెట్టను. కానీ తోలు ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడుతుంది. నోటి దగ్గర అంచు లోపలికి మడతపడడం మొదలైతే ఆ మడతే వేలై ట్రిగ్గర్‌ను నొక్కగలదు. ఎంత మమకారం ఉన్నా అలాంటిదాన్ని పారేయాలి.

పట్టు పరీక్షించడం సులువు. తూటాలు పూర్తిగా తీసి, రెండుసార్లు చూసుకుని, ఒరలో పెట్టి, పరుపు మీద తలకిందులుగా ఊపండి. జారిపడితే ఆ ఒర పనికిరాదు. బెల్టు కూడా ఒరలో భాగమే. వదులు బెల్టుకు తగిలిస్తే ఎంత మంచి ఒరైనా ఊగుతుంది, తీసేటప్పుడు తుపాకీతో పాటు పైకి వచ్చేస్తుంది.

హ్యాండ్‌బ్యాగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2014 డిసెంబరు 30న ఐడాహో రాష్ట్రంలోని హేడెన్‌లో ఒక తల్లి షాపింగు బండిలో రెండేళ్ల కొడుకును కూర్చోబెట్టుకుని సూపర్‌మార్కెట్‌లో తిరుగుతోంది. బ్యాగులో తుపాకీ ఉంది. పిల్లవాడి చెయ్యి దాన్ని అందుకుంది, ఆ తల్లి అక్కడికక్కడే చనిపోయింది. బ్యాగును మనం పక్కన పెడతాం, కుర్చీకి తగిలిస్తాం, పిల్లలకు ఇస్తాం. తుపాకీ ఒంటి మీద అయినా ఉండాలి, తాళం పెట్టిన పెట్టెలో అయినా ఉండాలి. మూడో చోటు లేదు.

ఇక తీయడం. ఎడమ చేత్తో చొక్కాను బాగా పైకి లాగి, ఆ చేతిని ఛాతీ మీద ఉంచాలి. కుడి చెయ్యి పట్టు ఒరలోనే పూర్తిగా కుదరాలి, తీశాక సర్దుకోవడం ఉండదు. తుపాకీ నిలువుగా పైకి వస్తుంది, ఒర దాటాకే గొట్టం ముందుకు తిరుగుతుంది. రెండు చేతులు ఛాతీ ముందు కలుస్తాయి, అక్కడినుంచి ముందుకు చాస్తాం. ఇంతసేపూ చూపుడువేలు గార్డుకు పైన, తుపాకీ ఒంటిని ఆనుకుని తిన్నగా ఉండాలి. 1976లో అరిజోనాలో గన్‌సైట్ శిక్షణ కేంద్రం పెట్టిన జెఫ్ కూపర్ నేర్పిన నాలుగు నియమాల్లో ఒకటిదే, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదకు పోరాదు. ఉలిక్కిపడితే, కాలు జారితే, మరో చేత్తో దేన్నైనా గట్టిగా పట్టుకుంటే ఈ చేతి వేళ్లు కూడా బిగుసుకుంటాయి. అందుకే ఆ నియమానికి మినహాయింపు లేదు.

తీయడంలో వేగం గురించే అందరూ అడుగుతారు. నేను ఆగమనేది తిరిగి పెట్టే దగ్గర. తీసేటప్పుడు ట్రిగ్గర్ గుడ్డకు దూరంగా వెళ్తోంది, పెట్టేటప్పుడు గుడ్డ వైపు వస్తోంది. పైగా పని అయిపోయిందని మనసు సడలి ఉంటుంది. తొందరపడాల్సిన కారణం ఒక్కటీ లేదు. వేలు బయటే ఉందని చూసుకోండి, చొక్కా పూర్తిగా పక్కకు లాగండి, ఒర నోట్లోకి కళ్లతో చూస్తూ మెల్లగా దించండి. కాస్త అడ్డం తగిలినా నొక్కొద్దు, బయటికి తీసి చూడండి. పొట్ట ముందు ఒర పెట్టుకునేవాళ్లకు గొట్టం నేరుగా తొడ మొదట్లోని పెద్ద ధమని వైపు ఉంటుంది. వాళ్లు ఒరను బెల్టు నుంచి విప్పి, తుపాకీ అందులో పెట్టి, ఆ తర్వాత నడుముకు తగిలించుకోవడం మేలు.

ఈ సాధన తూటాలతో ఇంట్లో చేయకూడదు. మొదటి కొన్నిసార్లు శిక్షకుడి ఎదుట నేర్చుకుని, ఆ తర్వాత ఖాళీ తుపాకీతో రోజుకు పది నిమిషాలు చేస్తే చాలు. ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లయిడ్ వెనక్కి లాగాలి. వరస తప్పితే ఛాంబర్‌లో తూటా మిగిలిపోతుంది. ఛాంబర్‌లో కంటితో చూసి, వేలితో తడిమి, తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేయాలి. అప్పటికీ గురి పెట్టే గోడ తూటాను ఆపగలిగేదై ఉండాలి. అమెరికా అపార్ట్‌మెంట్లలో గోడలు చాలావరకు జిప్సమ్ పలకలే, అవతల పక్కింటివాళ్ల పిల్లలు పడుకుని ఉంటారు.

ముగిసినప్పుడు "అయిపోయింది" అని పైకే అనమంటారు శిక్షకులు. వింతగా ఉన్నా చేయండి. తూటాలు మళ్లీ నింపి, ఒరలో పెట్టుకున్నాక, ఇందాకటిది సరిగ్గా రాలేదే, ఇంకొక్కసారి చూద్దాం అనిపిస్తుంది. గోడల్లో పడిన చిల్లులు చాలావరకు ఆ ఇంకొక్కసారివే.