చీకట్ల కండ్లు అగుపడకుంటే నిద్ర మీదికి నెట్టకుర్రి

మా దిక్కు పిల్లగాడొకడు హైటెక్ సిటీల తిండి పార్సిళ్లు పంచుతడు. సైబర్ టవర్స్ కాడ లైట్ల కింద బండి మంచిగనే నడుపుతడు. మాదాపూర్ గల్లీలకు మళ్లిండంటే స్పీడ్ బ్రేకర్ అగుపడది, గేటు నంబర్ అగుపడది. రెండుసార్లు పడ్డడు. "నిద్ర సాల్తలేదన్నా" అంటడు. వాళ్లమ్మేమో క్యారెట్ తినుమంటది. అమ్మానాయినలది మేనరికం. ఆ ముచ్చటను ఎవ్వలూ కంటితోని కలిపి చూడలే.

రేచీకటి అన్నీ ఒక్కతీరు కాదు. విటమిన్ ఏ తక్కువై వచ్చింది మందుతోని తగ్గుతది. రెటినైటిస్ పిగ్మెంటోసా అయితే కథ వేరు. ఇది వంశంల వచ్చే రోగం, దగ్గరి సంబంధాలు చేసుకునే కాడ ఎక్కువ. రెటీనాల చీకట్ల చూసే కణాలు ముందుగాల చస్తయి, చూపు పక్కల నుంచి ముడుచుకుంట వస్తది. నడిమి చూపు శానేండ్లు నిలుస్తది. అందుకే అద్దాల దుకాణంల బోర్డు మీది అక్షరాలన్నీ చదివేస్తరు, "నీకేం లేదు పో" అనిపించుకొని వస్తరు.

మరి లోపల ఏం జరుగుతున్నదో ఎట్ల తెలుస్తది? రెటీనా వెనుక ఒక్క వరుస కణాలుంటయి. వాటిల్ల మెలనిన్ అనే నల్లరంగు ఉంటది. మన తోలుకు రంగిచ్చేది గదే. పెండ్లి ప్రకటనల్ల "తెల్లటి పిల్ల కావాలె" అని రాసేటోళ్ల కండ్లల్ల గూడ ఆ నలుపే కాపలా ఉన్నది. కంటికి ఆనని 787 నానోమీటర్ల కిరణాన్ని లోపలికి పంపితే, మెలనిన్ దాన్ని తాగి 800 దాటిన సన్నని మెరుపును వదుల్తది. పంపిన కిరణాన్ని ఫిల్టర్ ఆపేస్తది, ఆ మెరుపునే కెమెరా పట్టుకుంటది. సూది లేదు, రంగుమందు లేదు. దీని పేరు నియర్ ఇన్‌ఫ్రారెడ్ ఆటోఫ్లోరెసెన్స్. ఈ మెరుపు మెలనిన్‌దే అని 2006ల కైల్హావర్, డెలోరి అనే ఇద్దరు పరిశోధకులు చూపెట్టిన్రు.

ఇంతకుముందు నుంచి నీలి వెలుగుతోని తీసే ఫొటో ఒకటున్నది. అది కండ్లకు జిగేల్మంటది, రోగి తట్టుకోడు. పైగా కంటి నడుమనున్న పచ్చరంగు ఆ నీలిని మింగేస్తది, నడిమి భాగం నల్లగ పడ్తది. ఈ కొత్తదాంట్ల ఉల్టా, నడుమనే మెలనిన్ ఎక్కువ గనుక అక్కడనే మెరుస్తది. రెటినైటిస్ ఉన్నోళ్లల్ల శానామందికి నడుమ ఒక వలయం అగుపడ్తది. లోపల ఇంకా పనిచేసే జాగ, బయట చెడిపోయింది. ఏడాదికొకసారి తీస్తే ఆ వలయం ఎంత కుదించుకపోయిందో కొలుసుకోవచ్చు. ఇదొక్కటే సాలదు, ఓసీటీ, పక్కచూపు పరీక్ష గూడ కావాలె.

మందున్నదా అంటే, ఎక్కువ రకాలకు లేదు. ఆర్‌పీఈ65 అనే జన్యువు చెడినోళ్లకు 2017ల అమెరికాల ఒక జన్యు చికిత్సకు అనుమతిచ్చిన్రు. రెండు కండ్లకు ఎనిమిదిన్నర లక్షల డాలర్లు! మనకు అందేది కాదు.

అయినా తెలుసుకోవాలె. పక్కచూపు 40 డిగ్రీల కంటె తగ్గితే 2016 వికలాంగుల చట్టం కింద లో విజన్ లెక్కల వస్తరు, అక్షరాలన్నీ చదివినా సరే. సదరం క్యాంపుల ఈ మాట గట్టిగ అడగాలె. హైటెక్ సిటీకి దగ్గర్లనే బంజారాహిల్స్‌ల ఎల్వీ ప్రసాద్ కంటి దవాఖాన ఉన్నది, మెహిదీపట్నంల సర్కారు సరోజినీదేవి ఉన్నది. మా పిల్లగాని అడ్డంకి దూరం కాదు. రాత్రి ఆర్డర్లతోనే వాని కిరాయి ఎల్తది. రోగం పేరు తేలితే బండి గుంజుకుంటరేమో అని భయం. వచ్చే సోమారం పోదామని ఒప్పించిన. చెల్లెకు గూడ పొద్దుగూకినంక అగుపడ్తలేదంట, ఆమెను గూడ తీస్కపోతున్నం.