ఒడ్డుకు 36 గంటల దూరంలో...

చుట్టూ పసిఫిక్‌ మహాసముద్రం. మధ్యలో పచ్చని దీవి. దాని చుట్టూ నీళ్లలో గుంపులు గుంపులుగా సొరచేపలు! వాటిని చూడ్డానికి దేశదేశాల నుంచి డైవర్లు వచ్చి, పది రోజులు పడవలోనే కాపురం పెడతారు. ఆ పది రోజులూ సాఫీగా సాగాలంటే మాత్రం ఏడాది ముందే సన్నాహాలు మొదలెట్టాలి. ఎందుకంటే అక్కడ ఏ ఆపద వచ్చినా ఆసుపత్రికి చేరడానికి ఒకటిన్నర రోజు పడుతుంది.

కోకోస్‌ దీవి... మధ్య అమెరికాలోని కోస్టారికా దేశానిది. తీరం నుంచి సుమారు 550 కిలోమీటర్లు. రోడ్డు మీదయితే ఇంచుమించు హైదరాబాద్‌ నుంచి తిరుపతి వెళ్లినంత. కానీ ఇక్కడ దారి పొడవునా నీళ్లే. పుంటరెనాస్‌ రేవులో పడవెక్కితే దీవి కనిపించేసరికి 30 నుంచి 36 గంటలు. అక్కడ విమానాశ్రయం లేదు, హోటల్‌ లేదు, ఊరన్నదే లేదు. ఉండేది జాతీయ పార్కు సిబ్బందే. పర్యాటకులు రాత్రిపూట దీవి మీద బస చేయడానికి వీల్లేదు. అందుకే తిండి, నిద్ర, డైవింగ్‌... అన్నీ పడవలోనే. ఇలాంటి యాత్రల్నే లివ్‌అబోర్డ్‌ అంటారు.

నిధి నేల మీద లేదు!

ఒకప్పుడు ఈ దీవి పేరు చెబితే గుర్తొచ్చేది దొంగల నిధే. 1820లో పెరూలోని లిమా నగరం నుంచి తరలించిన బంగారాన్ని ఇక్కడే పాతిపెట్టారని కథలు కథలుగా చెప్పుకునేవారు. ఆగస్ట్‌ గిస్లర్‌ అనే జర్మన్‌ అయితే 19వ శతాబ్దం చివర్లో వచ్చి, ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి తవ్వాడు. దొరికింది వేళ్ల మీద లెక్కపెట్టేన్ని నాణేలే!

అసలు నిధి నీళ్లలో ఉంది. సుత్తితల సొరచేపలు ఇక్కడ వందల సంఖ్యలో కలిసి తిరుగుతాయి. వాటి ఒంటి మీది పరాన్నజీవుల్ని ఏరి తినే చిన్న చేపలు కొన్ని రాళ్ల దగ్గర కాచుకుని ఉంటాయి. పెద్ద చేపలు వంతులవారీగా వచ్చి ఒళ్లు శుభ్రం చేయించుకుని వెళ్తాయి. మన ఊళ్లో క్షవరం దుకాణంలాగే! డైవర్లు కాస్త దూరంలో రాయి చాటున నక్కి, ఊపిరి బిగబట్టకుండా, నెమ్మదిగా వదులుతూ చూడాలి. బుడగల చప్పుడుకు సొరచేపలు బెదిరిపోతాయి మరి.

దీవిని కోస్టారికా 1978లో జాతీయ పార్కుగా ప్రకటించింది. యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2021లో రక్షిత సముద్ర ప్రాంతాన్ని దాదాపు 55 వేల చదరపు కిలోమీటర్లకు పెంచారు.

గోలీసోడా సూత్రం

‘ఈత వచ్చు, ధైర్యం ఉంది, ఇంకేం కావాలి?’ అనుకుంటే పొరపాటే. ఇక్కడ చాలా డైవ్‌లు 30 మీటర్ల లోతు వరకూ ఉంటాయి. అంత లోతులో ఒంటి మీద పడే ఒత్తిడి పైనున్న దానికి నాలుగు రెట్లు. ఆ ఒత్తిడికి మనం పీల్చే గాలిలోని నైట్రోజన్‌ రక్తంలో, కండరాల్లో కరిగిపోతుంది. మెల్లగా పైకొస్తే మెల్లగా బయటికి పోతుంది. గాభరాగా పైకొచ్చామా... గోలీసోడా కొట్టినప్పుడు బుస్సున బుడగలు వచ్చినట్టే, ఒంట్లోనూ బుడగలు పుడతాయి. కీళ్లనొప్పులతో మొదలై ఒక్కోసారి పక్షవాతం దాకా వెళ్తుంది. ప్రథమ చికిత్సగా ఆక్సిజన్‌ ఇస్తారు. ఆ తర్వాత ప్రత్యేకమైన పీడన గదిలో పెట్టి వైద్యం చేయాలి. అది దొరికేది ఒడ్డునే!

అందుకే నిదానంగా పైకి రావడం, 5 మీటర్ల లోతున కనీసం 3 నిమిషాలు ఆగడం డైవర్లకు నిత్య నియమం. చాలామంది ఆక్సిజన్‌ పాలు పెంచిన నైట్రాక్స్‌ గాలి వాడతారు. దానికీ వేరే శిక్షణ ఉంది.

ఏడాది ముందు నుంచీ...

పేరు విషయంలో ముందే జాగ్రత్త పడాలి. హిందూ మహాసముద్రంలో ఆస్ట్రేలియాకు కోకోస్‌ దీవులున్నాయి. అండమాన్‌కు ఉత్తరాన మయన్మార్‌కు కోకో దీవులున్నాయి. అవి వేరు, ఇది వేరు.

శిక్షణ: మొదటి మెట్టయిన ఓపెన్‌ వాటర్‌ కోర్సుతో 18 మీటర్ల వరకే వెళ్లాలి. 30 మీటర్లకు అడ్వాన్స్‌డ్‌ కోర్సు కావాలి. అండమాన్‌లోని స్వరాజ్‌ ద్వీప్‌, పుదుచ్చేరి, కర్ణాటకలోని మురుడేశ్వర్‌లలో ఇవి నేర్చుకోవచ్చు. సర్టిఫికెట్‌ చేతికి రాగానే కోకోస్‌ బయల్దేరకూడదు. ప్రవాహాలు బలంగా ఉండేచోట పదుల సంఖ్యలో డైవ్‌లు చేసి చెయ్యి తిరగాలి.

ఆరోగ్యం: ఆస్తమా, గుండెజబ్బు, చెవి సమస్యలు ఉంటే దాచకూడదు. డాక్టరు సరేనన్నాకే డబ్బు కట్టాలి.

బీమా: మామూలు ప్రయాణ బీమా చాలావాటిలో స్కూబా ఉండదు, ఉన్నా లోతుకు పరిమితి ఉంటుంది. పీడన గది చికిత్సకు, అత్యవసర తరలింపునకు వర్తించేదే తీసుకోవాలి.

కాలం: సుత్తితల సొరచేపల కోసం వెళ్లేవారు ఎక్కువగా జూన్‌-నవంబరు మధ్య ఎంచుకుంటారు. అది వానాకాలం. సముద్రం పోటుగా ఉంటుంది. వాంతుల మాత్రలు మర్చిపోకూడదు.

ప్రయాణం: మన దగ్గర్నుంచి రాజధాని శాన్‌ హొసేకు మధ్యలో విమానాలు మారి వెళ్లాలి. అమెరికా మీదుగా అయితే విమానం మారడానికే వీసా కావాలి. పడవ ఎవరి కోసమూ ఆగదు కనుక ఒకటి రెండు రోజులు ముందే చేరాలి.

ఖర్చు: పడవ టికెట్టే మనిషికి లక్షల్లో. పార్కు రుసుములు అదనం. పడవలు కొన్నే కావడంతో బెర్తులు నెలల ముందే నిండిపోతాయి.

సామాను: డైవ్‌ కంప్యూటర్‌, వెట్‌సూట్‌, ఈల, గాలి ఊదితే నీటిపై నిలబడే నారింజ రంగు గొట్టం. ప్రవాహం దూరంగా లాక్కెళితే పడవవాళ్లకు మనిషి తల కనిపించదు, ఆ గొట్టమే కనిపిస్తుంది.

పడవనూ పరీక్షించాలి!

2019 సెప్టెంబరు 2న అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్‌ అనే డైవింగ్‌ పడవ తెల్లవారుజామున తగలబడిపోయింది. కింది అంతస్తులో పడుకున్న 34 మంది బయటపడలేక చనిపోయారు. రాత్రి గస్తీ తిరిగే మనిషి లేడని దర్యాప్తులో తేలింది. అందుకే డబ్బు కట్టేముందే అడగాలి: రాత్రి కాపలా ఉంటుందా? పడక గదికి రెండు దారులున్నాయా? కెమెరా బ్యాటరీలు ఎక్కడ ఛార్జి చేస్తారు? ఆక్సిజన్‌ ఎన్ని గంటలకు సరిపోతుంది? మొహమాటపడితే నష్టం మనకే.

ఇక సొరచేపలు... కోకోస్‌లోనే 2017 నవంబరు 30న టైగర్‌ షార్క్‌ దాడిలో ఒక పర్యాటకురాలు ప్రాణాలు కోల్పోయింది. ఇలాంటివి అరుదే. అయినా గైడ్‌ మాట జవదాటకూడదు. మనిషి వల్ల వాటికున్న ముప్పే ఎక్కువ. విచ్చలవిడి వేటతో సుత్తితల సొరచేప అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న జీవుల జాబితాకెక్కింది.

వెళ్లేటప్పుడు భయపెట్టిన ఆ 36 గంటలు తిరిగొచ్చేటప్పుడు మేలే చేస్తాయి. వరసగా డైవ్‌లు చేసినవాళ్లు కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. పడవ రేవుకు చేరేసరికి ఒంట్లోని నైట్రోజన్‌ చాలావరకు వెళ్లిపోతుంది. ఈలోగా డెక్‌ మీద కూర్చుని చూసినవన్నీ నెమరేసుకోవచ్చు. ఇంటికి ఫోన్‌ చేసి ‘క్షేమంగా వచ్చేశాం’ అని చెప్పిన రోజే ఆ ఏడాది కష్టం ఫలించినట్టు!